మ్యూజ్‌స్కోర్ 4లో కార్డ్ షీట్లు: చాన్నాళ్లు వాడాక

తిరుపతి రిసెప్షన్లలో ప్రాక్టీసు ఒక శ్రుతిలో, స్టేజి మీద ఇంకో శ్రుతిలో జరగడం మామూలే. సింగర్ మారితే కార్డ్ షీటు (ఎక్కడ ఏ కార్డు, అంటే ఏ స్వరాలు కలిపి మోగించాలో రాసిన కాగితం) మారాలి. మ్యూజ్‌స్కోర్ అనే, సంగీతం షీట్లు రాసే సాఫ్ట్‌వేర్ అక్కరకొచ్చేది అప్పుడే. నాలుగో వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది, ఉచితం.

ఖాళీ బార్లు (బీట్ల లెక్కన విడగొట్టిన గళ్లు) సెలెక్ట్ చేసి టూల్స్‌లో ఫిల్ విత్ స్లాషెస్ నొక్కితే బీటుకో స్లాష్ (వాలు గీత) పడుతుంది. మొదటి స్లాష్ మీద కంట్రోల్ కె కొట్టి కార్డ్ పేరు టైపు చేయాలి. స్పేస్ కొడితే పక్క బీటు, ట్యాబ్ కొడితే పక్క బారు. నాలుగో బారు పట్టుకుని ఎంటర్ కొడితే అక్కడ లైను తెగుతుంది. ఆది తాళం పాటను ఫోర్ బై ఫోర్‌లో రాస్తే రెండు బార్లు ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు), లైనుకు సరిగ్గా రెండు ఆవర్తనాలు. తబలా ఆయన కూడా అదే షీటు చూసుకోవచ్చు.

శ్రుతి మార్చేటప్పుడు ఒక మెలిక ఉంది. ఒకటిన్నర శ్రుతి అంటే మనవాళ్లకు సి షార్ప్. ట్రాన్స్‌పోజ్‌లో అదే కీ ఎంచుకుంటే, సి కీలోని ఈ మైనర్ కాస్తా ఈ షార్ప్ మైనర్ అయి కూర్చుంటుంది. అది ఎఫ్ మైనరే, కానీ స్టేజి మీద గిటారిస్టు చెయ్యి ఆగిపోతుంది. డి ఫ్లాట్ ఎంచుకోండి. ఏడు షార్పులు పోయి ఐదు ఫ్లాట్లు వస్తాయి, ఎఫ్ మైనర్ ఎఫ్ మైనర్‌గానే కనిపిస్తుంది. ట్రాన్స్‌పోజ్ కార్డ్ సింబల్స్ టిక్కు లేకపోతే స్వరాలు మారతాయి, కార్డులు పాతవే మిగులుతాయి. కేపో (గిటారు తీగలన్నీ నొక్కిపట్టి శ్రుతి పెంచే క్లిప్పు) ఒకటో ఫ్రెట్‌లో పెట్టుకునేవాళ్లకు పాత సి షీటే ఇచ్చేయండి.

ప్లే నొక్కితే కార్డులు మోగుతాయి. తప్పు కార్డు పట్టుకోవడానికి తప్ప ఆ మోతతో పని లేదు.

ఓపిక కావాల్సింది తెలుగు సాహిత్యం దగ్గర. మామూలుగా వచ్చే ఎడ్విన్ ఫాంటులో తెలుగు అక్షరాల్లేవు. ఫార్మాట్, స్టైల్, టెక్స్ట్ స్టైల్స్‌లో లిరిక్స్ ఆడ్ లైన్స్‌కీ ఈవెన్ లైన్స్‌కీ నోటో సాన్స్ తెలుగు లాంటిది పెట్టండి. ఒకటి మరిచిపోతే రెండో చరణం వేరే పోలికలో వస్తుంది. కంట్రోల్ ఎల్ కొట్టి టైపు చేసేటప్పుడు ఒత్తును దాని అక్షరంతోనే ఉంచాలి: చె-ట్టు. చెట్-టు అని విరిస్తే పొల్లు బయటపడుతుంది. అసలు వాద్యాలవాళ్ల షీటుకు ఇంత అక్కర్లేదు, లైను మొదట్లో రెండు మాటలు చాలు.

తెలుగు టైపు చేశాక విండోస్, స్పేస్ కలిపి కొట్టి కీబోర్డు మార్చకపోతే కార్డు కూడా తెలుగక్షరాల్లో పడుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని కార్డుగా గుర్తించదు, ట్రాన్స్‌పోజ్ చేసినా అది కదలదు. పది కార్డులు మారి ఒకటి మారకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

జిరాక్స్ షాపుకు పీడీఎఫ్ పట్టుకెళ్లండి, అక్కడి సిస్టంలో మీ ఫాంటు ఉండదు. పేజ్ సెట్టింగ్స్‌లో ఏ4 పెట్టి, స్టాఫ్ స్పేస్ (స్వరాలు రాసే గీతల మధ్య ఎడం) 1.75 మి.మీ. నుంచి 2కు పెంచండి. కార్డ్ సింబల్ సైజు 10 నుంచి 14 చేయండి. నిలబడి వాయించేవాళ్లకు అంతకంటే చిన్నది ఆనదు.