39 డాలర్ల 60 సెంట్లు: ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ బ్లూ-రే

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ కొన్న బ్లూ-రే ప్లేయర్ ఉన్నవాళ్ళు ఈ డిస్క్ తెప్పించుకునే ముందు అట్ట వెనక చిన్న అక్షరాలు చదువుకోండి. మా బావమరిది డాలస్ నుంచి వస్తూ తెచ్చిపెట్టాడు. ఆదివారం భోజనాలయ్యాక అమ్మని కూడా కూర్చోబెట్టి ప్లేయర్‌లో పెడితే ఇది ఇక్కడ ఆడదని ఒక లైను వచ్చింది, అంతే. అమెరికా డిస్కులు రీజియన్ ఎ అట, మనది రీజియన్ సి. డబ్బులు పెట్టి కొన్న వస్తువుకి ఈ గోల ఏమిటో! అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒక ఫ్రెండ్ దగ్గరుంటే వారం తర్వాత అరువు తెచ్చుకుని చూశాం. అంత చిరాకు పడ్డాక కూడా ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను.

కథ చాలామందికి తెలిసిందే. రాజ్ కపూర్, నర్గీస్‌లతో ఏవీఎం వాళ్ళు 1956లో తీసిన ‘చోరీ చోరీ’, 1991లో ఆమిర్ ఖాన్ ‘దిల్ హై కె మాన్తా నహీ’, రెండిటికీ మూలం ఇదే. కోటీశ్వరుడి కూతురు తండ్రి మీద అలిగి పడవలోంచి నీళ్ళలోకి దూకి పారిపోతుంది, మయామీ నుంచి న్యూయార్క్ పోయే బస్సెక్కుతుంది, పక్క సీట్లో ఉద్యోగం పోయిన విలేఖరి (క్లార్క్ గేబుల్). 1934 సినిమా కాబట్టి బయట ఆర్థిక మాంద్యం నడుస్తోంది, ఆ సంగతి ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే ప్రతి సీనులోనూ కనిపిస్తుంది. నాకు ఈ సినిమా ఇంతగా నచ్చడానికి అదే కారణం అనుకుంటా, ఇందులో ప్రేమంతా చిల్లర లెక్కల్లో నడుస్తుంది. దారిలో ఆ అమ్మాయి చాక్లెట్ల డబ్బా కొనబోతే క్లార్క్ గేబుల్ అమ్మేవాణ్ణి వెనక్కి పంపేస్తాడు. పొద్దున ఒక గుడ్డు, డోనట్లు, బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం దాకా ఇంతే అని తేల్చి చెప్పి, ఆ డోనట్‌ని కాఫీలో ఎలా ముంచాలో పాఠం మొదలెడతాడు: ఎక్కువసేపు ఉంచకూడదు, మెత్తబడి ఊడి పడిపోతుంది, ముంచి టక్కున నోట్లో వేసుకోవాలి. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ అడుక్కి జార్చుకున్న ప్రతివాడికీ ఈ శాస్త్రం తెలుసు. ఆ అమ్మాయిగా వేసిన క్లాడెట్ కోల్బర్ట్ అది వింటూ చూసే చూపు ఉంది చూడండి, చిన్నప్పటి నుంచి ఏది ఎలా తినాలో చెప్పేవాళ్ళ మధ్యే పెరిగిన పిల్ల, ఇలాంటి చదువు మాత్రం మొదటిసారి.

రాత్రి ఒకే గదిలో ఉండాల్సి వస్తే మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీస్తాడు. దానికి పేరు యెరికో గోడలు. బైబిల్ చదివినవాళ్ళకి ఆ గోడలు ఎలా కూలాయో తెలుసు కాబట్టి చివరి సీను ముందే ఊహించేస్తారు, అయినా మజా తగ్గదు. మర్నాడు ఆమెని వెతుక్కుంటూ డిటెక్టివ్‌లు వచ్చేసరికి ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లా గట్టిగా పోట్లాట మొదలెడతారు, అతను అరుపులు, ఆమె ఏడుపు, వచ్చినవాళ్ళు సిగ్గుపడి వెళ్ళిపోతారు. ఇక్కడ అమ్మ, "ఏరా, ఇది మన మిస్సమ్మలాగే ఉందే" అంది. అందులోనూ ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడతారు కదా. ఇది దానికంటే 21 ఏళ్ళ ముందొచ్చిందమ్మా అంటే, "అయితే ఏం, సావిత్రి కోపం ఈ అమ్మాయికి రాదు" అని కొట్టిపారేసింది. నేను వాదించలేదు.

పాత ప్రింటు యూట్యూబ్‌లో చూసినవాళ్ళు డిస్క్‌లో ఏటి సీను చూడాలి. వెన్నెల్లో నీళ్ళు తళతళలాడుతుంటే అతను ఆమెని భుజాన వేసుకుని దాటుతుంటాడు, ఉప్పుమూట ఎక్కి ఎన్నాళ్ళయిందో అంటుందామె, ఇది అసలు ఉప్పుమూటే కాదని అతను, డబ్బున్నవాళ్ళకి ఉప్పుమూట మోయడం రాదని, లింకన్‌కి పుట్టుకతోనే వచ్చని వాదన. మాటలు ఎంత వేగంగా పోతాయంటే ఇంగ్లీషు బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడమే మంచిది. అదనపు ఫీచర్లలో దర్శకుడు ఫ్రాంక్ కాప్రా 1922లో తీసిన మొదటి మూకీ ఉంది, ఒకసారి చూస్తే చాలు.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఆ అమ్మాయికి వేరేవాడితో పెళ్ళి హడావుడి మొదలయ్యాక ఆ ఇద్దరూ ఒకచోట ఉండరు కాబట్టి సినిమా నీరసపడుతుంది. ఇలాంటి అమ్మాయిని రోజుకో దెబ్బ వేసేవాడు కావాలని హీరో ఆమె తండ్రితోనే అంటాడు, ఆ మాట ఇవాళ వింటే గొంతులో అడ్డం పడుతుంది, పాతకాలం అని సర్దిచెప్పుకోవాలని కూడా అనిపించలేదు. అరమార్కు అక్కడే తగ్గించాను.

కానీ సరిగ్గా ఆ సీనులోనే, కూతురి ఆచూకీకి తండ్రి ప్రకటించిన పదివేల డాలర్ల బహుమతి వద్దని, దారి ఖర్చులు 39 డాలర్ల 60 సెంట్లు ఇవ్వండి చాలని అతను పద్దు చూపిస్తాడు. తండ్రి ఆ కాగితం చూసి అల్లుణ్ణి ఎంచేసుకుంటాడు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఐదు ఆస్కార్లూ దీనికే ఇచ్చారు, మొదటిసారి అలా జరిగింది. కోల్బర్ట్‌కి తనకి వస్తుందన్న నమ్మకం లేక ఆ రాత్రి రైలెక్కబోతుంటే స్టేషన్ నుంచి పిలుచుకొచ్చారు, ప్రయాణం బట్టల్లోనే అందుకుంది.

ప్లేయర్ తిరిగి ఇచ్చేయాలి, శనివారం దాకా గడువు అడిగాను. అమ్మ బస్సులో అందరూ పాడే సీను ఇంకోసారి చూస్తానంటోంది.