మా వార్డు ఓటర్ లిస్టు కౌంటర్, 5కి 4 ఇస్తా

ఒడిశాలో గంజాం వైపు మా టౌన్‌లో 2022 మున్సిపల్ ఎలక్షన్లకి ముందు ఓటర్ లిస్టు కరెక్షన్‌కి వెళ్లాం. అసెంబ్లీ లిస్టునే తీసుకుని వార్డుల వారీగా విడగొడతారు కదా, మా గొడవ అక్కడే వచ్చింది, ఇల్లు వీధికి ఇటుపక్క, పేర్లేమో అటుపక్క వార్డులో పడ్డాయి. పైగా ఒడియాలో ఎ, ఏ రెండిటికీ ఒకటే అక్షరం, మన ఇంటిపేర్లు అందులోకి వెళ్లొచ్చేసరికి గుర్తుపట్టలేం. మొదటి రోజు కౌంటర్‌లో ఎవరూ లేరు, రెండు గంటలు నిలబడి తిరిగొచ్చేశాం, ఒక స్టార్ అందుకే తీసేశా. రెండో రోజు కూర్చున్న క్లర్కు గారు మాత్రం బంగారం అండి, ఆయన ఒడియా వాళ్లే, అయినా వచ్చీరాని తెలుగులో "అమ్మా మీరు పేరు చెప్పండి, నేను రాస్తా" అని మా అమ్మ చేత ఒక్కో అక్షరం పలికించుకుని రాసుకున్నారు, డ్రాఫ్ట్ లిస్టులో ఇంటి నంబర్ల వరస చూస్తూ మా పక్కింటోళ్లవి కూడా తప్పు పడ్డాయని ఆయనే చూపించారు, మేం అడగలేదు కూడా. మార్చి 24న పోలింగ్, ఛైర్‌పర్సన్‌కి ఒకటి కౌన్సిలర్‌కి ఒకటి, అమ్మ రెండు ఓట్లూ వేసొచ్చింది. ఈసారి డ్రాఫ్ట్ లిస్టు పెట్టగానే వెళ్లి చూసుకోండి, పోలింగ్ రోజు బూత్‌లో అడిగితే వాళ్లేం చేయలేరు.