గ్రావెల్ సైకిల్ కొంటున్నారా? డబ్బు కట్టకముందే టైరు విప్పించి చూడండి

పోయిన నెల అనంతగిరి గుట్టల వెనక ఎర్రమట్టి బాట దిగుతుంటే నా గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర బాటల కోసం చేసే సైకిల్) ముందు టైరు రిమ్ము మీంచి ఊడిపోయింది. పంచరు కాదు. టప్‌మని ఒక్క చప్పుడు, సీలెంట్ (చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) మొహాన చిమ్మింది, నేను కంకరలో ఉన్నాను. మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. హెల్మెట్ పగిలింది కాబట్టి తల దక్కింది. దారిన పోయే రైతన్న ఒకాయన ట్రాక్టర్‌లో ఎక్కించుకుని వికారాబాద్ దాకా తెచ్చి దింపాడు.

కొని అప్పటికి ఐదు వారాలే. హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో 74 వేలు కట్టాను. "ఇది పక్కా గ్రావెల్ బండి సార్, ట్యూబ్‌లెస్ చేసే ఇస్తాం, తుమ్మముల్లు దిగినా గాలి పోదు" అన్నారు. సర్కారు తుమ్మ, పల్లేరుకాయలు ఉన్న బాటల్లో తొక్కేవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

తర్వాత ఇంకో మెకానిక్ విప్పి చూపించాడు. టైరు ట్యూబ్‌లెస్‌దే, రిమ్ము మాత్రం మామూలు ట్యూబు రిమ్ము. దానికి టేపు చుట్టి, వాల్వు బిగించి, సీలెంట్ పోసి అమ్మారు. ట్యూబ్‌లెస్ రిమ్ములో నడుమ గాడికి రెండు పక్కలా చదునైన మెట్టు, ఆ మెట్టు చివర సన్నటి గట్టు ఉంటాయి. టైరు అంచు జారి గాడిలో పడకుండా ఆపేది ఆ గట్టే. మామూలు రిమ్ములో ఆ పని లోపలి ట్యూబు చేస్తుంది. ట్యూబూ లేక, గట్టూ లేక, కంకర కోసం గాలి 35 పి.ఎస్.ఐ.కి తగ్గించి తొక్కితే, పక్క నుంచి ఒక రాయి తగలగానే అంచు గాడిలోకి జారుతుంది, గాలంతా ఒక్కసారే పోతుంది. తారురోడ్డు మీద ఐదు వారాలు నాకు అనుమానమే రాలేదు.

అందుకే దుకాణంలోనే గాలి మొత్తం తీయించి, టైరు అంచును బొటనవేళ్లతో లోపలికి నొక్కండి. సరైన రిమ్మైతే గట్టిగా పట్టుకుని ఉంటుంది, బలంగా నొక్కితే గానీ కదలదు. దానంతటదే గాడిలో పడిపోతే ఆ చక్రం తీసుకోకండి. ఆపైన టైరు విప్పించి గట్టును కళ్లతో చూడండి. విప్పం అంటే ఆ దుకాణం వదిలేయండి.

నా బండిలో ఇంకో మోసం కూడా ఉంది. 45 మి.మీ. టైరు పడుతుందన్నారు. టైరు పక్కన చూస్తే 38-622 అని ఉంది, అంటే వెడల్పు 38. దానికే వెనక ఫ్రేముకూ టైరుకూ మధ్య వేలు దూరలేదు. తాండూరు వైపు నల్లరేగడిలో చిన్న వాన పడినా చాలు, మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. రెండు పక్కలా కనీసం 6 మి.మీ. సందు ఉందో లేదో స్కేలు పెట్టి కొలవండి.

దుకాణానికి వెళ్తే, "మట్టిరోడ్డు మీద తొక్కారు, వారంటీ రాదు" అన్నారు. మట్టిరోడ్డు కోసమని చెప్పి అమ్మిన బండికి ఈ జవాబు! బిల్లులో "సైకిల్ – 1" అని తప్ప ఏమీ లేదు. అది నేను చేసిన పెద్ద పొరపాటు. మోడల్, రిమ్ము పేరు, "ట్యూబ్‌లెస్ రెడీ" అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. కొనే ముందు వాట్సాప్‌లో అడిగి, వాళ్ల జవాబు దాచుకోండి.

నా దగ్గర అలాంటి మెసేజ్ ఒకటి మిగిలింది. దాంతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు.

ఇప్పటికే ఇలా "ట్యూబ్‌లెస్ చేసి ఇచ్చిన" బండి మీ దగ్గర ఉంటే, ఈ ఆదివారం గుట్టలకు బయల్దేరే ముందు ఆ బొటనవేలి పరీక్ష చేయండి. అంచు జారితే, రెండు చక్రాల్లోనూ ట్యూబులు వేయించుకునే వెళ్లండి.