పెద్ద కారవాన్, తక్కువ మకాంలు: మెల్‌బోర్న్ నుంచి గ్రాంపియన్స్ దాకా

16 అడుగుల కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఉన్నన్నాళ్లూ ఎక్కడ ఆగాలన్న ఆలోచనే మాకు ఉండేది కాదు. ఊరు నచ్చితే ఆగేవాళ్లం, బేకరీ ముందు రోడ్డు పక్కన పెట్టి కాఫీ తాగేవాళ్లం, బుద్ధి పుడితే పూటకో ఊరు మారేవాళ్లం. పిల్లలు పొడుగయ్యారు, అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు మాతోనే తిరుగుతున్నారు. అందుకని బాత్రూమ్, బంకు పడకలు ఉన్న 21 అడుగులదానికి మారాం. ఆ 21 అనేది లోపలి గది లెక్క. ముందు కారుకి తగిలించే ఇనుప చట్రం (డ్రాబార్), వెనక వేలాడే స్పేర్ టైర్లు కలిపితే ఎనిమిది మీటర్లు దాటుతుంది. కారు కూడా కలిపితే 13 మీటర్ల పైమాటే. దాన్ని లాక్కుంటూ మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్ నుంచి వార్నంబూల్, మౌంట్ గాంబియర్, గ్రాంపియన్స్ కొండల్లోని హాల్స్ గ్యాప్ చుట్టి వచ్చాం. ఎక్కడెక్కడ ఆగాలో ఈసారి బండే చెప్పింది. అది సరదా తగ్గించిందా అంటే, నా మటుకు నాకు పెంచింది.

ముందు బరువు సంగతి. కారు అమ్మేవాళ్లు "3,500 కిలోలు లాగుతుంది" అని ఒక్క అంకె చెప్పి ఊరుకుంటారు. కారులో మనుషులు, సామాన్లు, కారవాన్ కొక్కెం మీద పడే బరువు కలిపి కారు పరిమితి దాటకూడదు. కారూ కారవానూ కలిపిన మొత్తానికి ఇంకో పరిమితి ఉంటుంది. కారు నిండుగా ఉంటే చాలా మోడళ్లలో ఆ 3,500 లాగే హక్కు ఉండదు. కారవాన్‌కీ దాని లెక్క ఉంది. మాది ఖాళీగా 2,300 కిలోలు, నిండుగా ఉండదగ్గది 2,750. తేడా 450 కిలోలు. చూడటానికి చాలానే అనిపిస్తుంది. 95 లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండూ నింపితే 190 కిలోలు అక్కడే పోయాయి. నిండు గ్యాస్ సిలిండర్లు రెండు, ఆనింగ్‌కి (పక్కన పందిరిలా తెరిచే గుడ్డకి) తగిలించే టెంటు గోడలు, కుర్చీలు, కేబుళ్లు, పైపులు తీసేస్తే ఐదుగురి బట్టలకీ తిండికీ మిగిలేది కొంచెమే.

అత్తయ్యగారికి ఈ లెక్క ఒప్పించడం కోర్టులో వాదించినట్టే అయింది. "ఇంత పెద్ద ఇల్లు లాక్కెళ్తున్నారు, గ్రైండర్‌కి చోటు లేదా అమ్మా?" అని ఆవిడ ప్రశ్న. చోటుంది అత్తయ్యగారూ, బరువుకే లేదు అన్నాను. ఊరి చివర పబ్లిక్ వేబ్రిడ్జ్ మీద బండి ఎక్కించి తూకం చీటీ చేతిలో పెట్టాక గ్రైండర్ దిగింది, బియ్యం బస్తా సగమైంది, ఇడ్లీ పిండి ఇంట్లోనే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. కొనే ముందు తూకానికి అయ్యే ఖర్చు గురించి ఎవరూ ఆలోచించరు కానీ, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అంత చవగ్గా అంత మేలు చేసింది ఇంకొకటి లేదు.

బరువు ఎంతో తెలిస్తే సరిపోదు, ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. కొక్కెం మీద మొత్తం బరువులో సుమారు పదో వంతు పడాలి. బరువైనవన్నీ ఇరుసుల మీద, కింది అరల్లో. వెనక బంపర్ మీద సైకిళ్లు, టూల్ బాక్సు తగిలిస్తే కొక్కెం తేలికైపోయి హైవే మీద వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అప్పుడు కారు బ్రేక్ గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డ్యాష్‌బోర్డ్ దగ్గరున్న బ్రేక్ కంట్రోలర్ మీట నొక్కి కారవాన్ బ్రేకులు మాత్రమే వేయాలి. ఆస్ట్రేలియాలో రెండు టన్నులు దాటిన వాటికి అన్ని చక్రాలకూ బ్రేకులు, బండి తెగిపోతే వాటంతట అవే పడే బ్రేక్‌అవే ఏర్పాటు తప్పనిసరి. 2,500 కిలోలు దాటితే సేఫ్టీ చైన్లు రెండు. ఇవన్నీ కొత్త బండికి వచ్చేస్తాయి. కారులో బ్రేక్ కంట్రోలర్ మాత్రం మనమే పెట్టించుకోవాలి.

నేను ఒక రోజు టోయింగ్ క్లాసుకి వెళ్లాను. మా ఆయన రావడానికి మొదట మొహమాటపడ్డారు, తర్వాత వచ్చారు. ఆ డబ్బు గిట్టింది. రివర్స్‌కి అక్కడ చెప్పిన కిటుకు ఒక్కటే: స్టీరింగ్‌ని అడుగున పట్టుకోండి. చెయ్యి ఎడమకి జరిపితే కారవాన్ వెనక భాగం ఎడమకి వెళ్తుంది, కుడికి జరిపితే కుడికి. కొంచెం తిప్పడం, ఆగడం, అద్దం చూడటం. వంకర ఎక్కువైతే సరిచేయడానికి తంటాలు పడకుండా ముందుకెళ్లి మళ్లీ మొదలుపెట్టడం. ఇక్కడ డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి పార్కులో మనకిచ్చిన చోటు (సైటు) మన కుడివైపు ఉండేలా లోపలికి రావాలి, అప్పుడు చక్రాలు కిటికీలోంచి నేరుగా కనిపిస్తాయి. విచిత్రమేమిటంటే చెత్త మోసే చిన్న ట్రెయిలర్ కన్నా ఈ పొడుగుదాన్ని వెనక్కి తీయడమే తేలిక. చిన్నది చటుక్కున తిరిగిపోతుంది, ఇది నింపాదిగా కదులుతుంది. కాకపోతే మలుపులో వెనక మూల బయటికి విసురుతుంది, దానికి మనిషి కాపలా ఉండాలి.

ఆ మనిషి మా ఆయన. "ఎడమకి, ఎడమకి" అని ఆయన అరుస్తుంటే "ఏవండీ, మీ ఎడమా, నా ఎడమా?" అని నేను. ఆఖరికి ఎడమ, కుడి అనే మాటలే మానేశాం. "చెట్టు వైపు", "కరెంటు స్తంభం వైపు" అంటే గొడవ లేదు. అద్దంలో మీరు కనబడకపోతే నేను బండి ఆపేస్తానని షరతు. అరుపులకి బదులు చేతిలో పట్టే వాకీటాకీల్లాంటి యూహెచ్ఎఫ్ రేడియోలు కొనుక్కున్నాం. కారులోది హైవే మీద 40వ చానల్‌లో పెడితే లారీవాళ్ల మాటలు వినబడతాయి, వెనక ఎవరైనా దాటాలనుకుంటే తెలుస్తుంది. పిల్లలు వినకూడని మాటలు కూడా వినబడతాయి, అది వేరే సంగతి.

ఇక దారి. గ్రేట్ ఓషన్ రోడ్ మీద ఇంత బండితో వెళ్లేవాళ్లున్నారు. మేం వెళ్లలేదు, వెళ్లమని చెప్పను కూడా. 1919 నుంచి 1932 దాకా, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు కొండ అంచు తవ్వి వేసిన 243 కిలోమీటర్ల రోడ్డు అది. లోర్న్ నుంచి అపోలో బే దాకా ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో మెలికలు. నడిపేవాళ్లకి సముద్రం కనబడదు, అద్దమే కనబడుతుంది. మేం ప్రిన్సెస్ హైవే మీద వించెల్సీ, కోలాక్, క్యాంపర్‌డౌన్ మీదుగా నేరుగా వార్నంబూల్ చేరి, కారవాన్ అక్కడ వదిలేసి, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపోసిల్స్‌కి, లాక్ ఆర్డ్ గార్జ్‌కి కారులో వెళ్లాం. గంట ప్రయాణం. పార్కింగ్ టెన్షన్ లేదు, సాయంత్రం ఎండ రాళ్ల మీద పడేదాకా ఉన్నాం.

వార్నంబూల్‌కి నా మార్కులు ఎక్కువ. సముద్రం ఒడ్డున కారవాన్ పార్కులు, పక్కనే పైసా టికెట్ లేని లేక్ పెర్టోబ్ ఆటస్థలం. పిల్లలు అక్కడి నుంచి కదలరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లోగన్స్ బీచ్ చెక్క మంచె మీంచి తిమింగలాలు చూడొచ్చంటారు. మేం సెప్టెంబరు చివరి సెలవుల్లో వెళ్లాం, మాకు గాలి తప్ప ఏమీ కనబడలేదు. ఊరికి పడమట టవర్ హిల్ ఉంది, పాత అగ్నిపర్వతం నోట్లో చెరువులు, ఈము పక్షులు. అత్తయ్యగారికి అపోసిల్స్ కన్నా ఇదే నచ్చింది.

మౌంట్ గాంబియర్‌కి వెళ్లే ముందు రాత్రి మా వంటింట్లో హడావిడి. పండు ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియాలోకి పళ్లు, టమాటాలు, పచ్చిమిర్చి లాంటివి తీసుకెళ్లనివ్వరు. సరిహద్దు దగ్గర చెత్తబుట్టలో పారేయడానికి మనసొప్పక ఉన్న టమాటాలూ మిరపకాయలూ పచ్చడి చేసేశాం. వండినదానికి పేచీ లేదు. గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి, చెక్ ఇన్ సమయం అడిగేటప్పుడు గుర్తుంచుకోండి. బ్లూ లేక్ నిండు నీలంగా కనబడేది నవంబరు చివరి నుంచి మార్చి దాకానే, మేం వెళ్లినప్పుడు ఉక్కు రంగులో ఉంది. అయినా ఆ గుండ్రటి అంచు చుట్టూ నడక బాగుంది. అంఫర్‌స్టన్ సింక్‌హోల్‌కి చీకటిపడ్డాక వెళ్లండి, పోసమ్‌లు (చెట్ల మీదుండే చిన్న జంతువులు) దిగి వస్తాయి. ఊరికి ఒక రాత్రి, మహా అయితే రెండు చాలు.

ఈ ప్రయాణంలో చిరాకు పెట్టిన పార్కు ఒకటుంది. బుక్ చేసేటప్పుడు డ్రాబార్‌తో సహా పొడవు చెప్పాను, "సరిపోతుంది" అన్నారు. వెళ్తే సైటు పొడవు బాగానే ఉంది, దాని ఎదురుగా దారి మాత్రం కారు తిరగనంత ఇరుకు, మూలన ఒక బండరాయి. మార్చమంటే వెనక గడ్డి సైటు ఇచ్చారు, వానకి నేల మెత్తగా ఉంది. చక్రాల కింద ప్లాస్టిక్ ట్రాక్‌లు వేసుకుని సర్దుకున్నాం. అప్పటి నుంచి ఫోన్‌లోనే అడుగుతున్నాను: ఎదురుగా దారి వెడల్పెంత, డ్రైవ్-త్రూ సైటు (రివర్స్ చేయకుండా ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకి వెళ్లిపోయేది) ఉందా, సిమెంటు స్లాబ్ ఏ పక్కన, కొళాయి ఎంత దూరం. విసుక్కోకుండా జవాబు చెప్పే పార్కు సాధారణంగా మంచిదే అవుతుంది.

హాల్స్ గ్యాప్ వీటన్నిటికీ పైన. హామిల్టన్ నుంచి డంకెల్డ్ దాకా ఆ నెలలో కనోలా చేలు పసుపచ్చగా పరుచుకుని ఉంటాయి. ఆవాల జాతి మొక్కే కదా, అత్తయ్యగారు తెనాలి కబుర్లు ఎత్తుకున్నారు. కొండల మధ్య చిన్న ఊరు, సాయంత్రానికి మైదానం నిండా కంగారూలు. బొరోకా లుకౌట్‌కీ మెకంజీ ఫాల్స్‌కీ కారులోనే వెళ్లాలి, ఆ ఘాట్‌లో కారవాన్ వద్దు. ఎక్కువ రాత్రులు ఇక్కడే ఉన్నాం, ఇంకా ఉండాల్సింది.

సామాన్లలో ఏవి పనికొచ్చాయంటే: నీళ్ల పైపుకి ప్రెషర్ రెగ్యులేటర్ (కొన్ని పార్కుల్లో కొళాయి ఉరవడికి లోపలి గొట్టాలు ఊడతాయి), చక్రాల కింద వాలు సరిచేసే ర్యాంపులు, పొడవాటి టోయింగ్ అద్దాలు, లిథియం బ్యాటరీలు. పాత రకం 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ 30 కిలోల దాకా ఉంటే లిథియం అందులో సగం కూడా ఉండదు. మా కారవాన్ ప్లగ్ 15 ఆంప్స్‌ది, ఇంట్లో మామూలు సాకెట్‌లో పట్టదు, ఎలక్ట్రీషియన్‌తో వేరే పాయింట్ పెట్టించాం. 15 ఆంప్స్ అంటే సుమారు 3,600 వాట్లు. ఏసీ, ఇండక్షన్ స్టవ్, కెటిల్ మూడూ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది. తిరగమోత మాత్రం బయట పక్కకి లాగే స్టవ్ మీదే. లోపల ఎండుమిర్చి వేగితే స్మోక్ అలారం పార్కు మొత్తాన్నీ లేపుతుంది.

డీజిల్ 100 కిలోమీటర్లకి 10 లీటర్ల నుంచి 18కి పెరిగింది. ఇంటి ముందు వీధిలో పెట్టుకోవడం కుదరదు, 7.5 మీటర్లు దాటిన బండిని ఊళ్లో రోడ్డు మీద గంటకి మించి ఆపకూడదు. నెల అద్దెకి స్టోరేజ్ యార్డులో ఉంచుతున్నాం, ఆ ఖర్చు కొనేటప్పుడే లెక్కలో వేసుకోండి. తర్వాత మర్రే నది ఒడ్డున ఎచూకా అనుకుంటున్నాం. వేసవి సెలవుల్లో (ఇక్కడ డిసెంబరు, జనవరి) డ్రైవ్-త్రూ సైటు దొరకలేదు, రేటూ బాగా ఎక్కువే. బడులు తెరిచాక ఫిబ్రవరిలో ఒక వీకెండ్ చూసి, ఒకే చోట అన్ని రాత్రులకీ బుక్ చేశాను.