ఆపరేషన్ బాగా చేశారు, ప్యాకుల రాత్రి గురించి మాత్రం ముందే చెప్పాల్సింది

నాకు 48 ఏళ్లు. అలిపిరి నుంచి కొండకు జీపు తోలతాను. బీపీకి నాలుగేళ్లుగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నా. ముక్కు దూలం ఎడమకు వంగిపోయి ఒక పక్క గాలే ఆడేది కాదు. కిందటి నెల తిరుపతిలోనే ఒక ఈఎన్‌టీ ఆసుపత్రిలో సరిచేయించుకున్నా.

ఆపరేషన్‌కు వంక పెట్టను. బీపీ మాత్ర ఆ పొద్దున కూడా మానొద్దని, గుక్కెడు నీళ్లతో వేసుకోమని మత్తు డాక్టరమ్మ గుర్తుపెట్టుకొని చెప్పింది. బిల్లు కూడా ముందు చెప్పినంతే.

కష్టమంతా ఆ రాత్రిదే. ముక్కులో రెండు పక్కలా స్పాంజి ప్యాకులు పెట్టారు. తడికి అవి ఉబ్బి లోపల నొక్కిపట్టి రక్తం కారకుండా చూస్తాయి. గుటక వేస్తే గాలి చెవుల్లోకి తన్నేది. నాలుక అంగిలికి అట్టలా అతుక్కుపోయింది. కన్ను మూతపడితే చాలు, ఊపిరాడక ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఒంటి గంటకు చూస్తే బీపీ 172/104. పొద్దున లోపలికి పోయేముందు 134/86 ఉండింది. పక్షవాతం వస్తుందేమోనని మా ఇంటామె చెయ్యి గట్టిగా పట్టుకున్నా.

నైట్ డ్యూటీ సిస్టర్ కంగారు పడలేదు. "అన్నా, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండు" అని తలవైపు మంచం ఎత్తింది. నా జబ్బ లావుకు బీపీ చూసే పట్టీ చిన్నదైందని, చిన్న పట్టీతో బీపీ ఎక్కువ చూపిస్తుందని పెద్దది తెచ్చి కట్టింది. 160/98. డాక్టరుకు ఫోన్ చేసి నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. గాజుగుడ్డ తడిపి పెదాల మీద వేసింది. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, తెల్లారేదాకా రెండు గంటలకోసారి వచ్చి చూసింది.

"నిద్రలో బీపీ తగ్గాలన్నా. ముక్కు మూసుకుపోతే నిద్ర తెగిపోతా ఉంటుంది, ఆక్సిజన్ కూడా కొందరికి తగ్గుతుంది. ఒళ్లు దాన్ని ఆపదనుకొని గుండెను పరిగెత్తిస్తుంది. నొప్పి, భయం కూడా తోడవుతాయి. బీపీ మరీ పెరిగితే రక్తం కారుతుంది, అందుకే ఇన్నిసార్లు చూస్తాండా" అనింది. ఆ నాలుగు ముక్కలు విన్నాక నా గుండె దడ తగ్గింది.

నా బాధ అదే. ఈ మాట ఆపరేషన్‌కు ముందు రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి అంత భయపడేవాళ్లం కాదు. కొందరికి ప్యాకు లేకుండా కరిగే దారంతో కుట్లు వేస్తారని, గాలి పోయే గొట్టమున్న సిలికాన్ పలకలు కూడా ఉంటాయని తర్వాత డాక్టరే చెప్పారు. నాకు రక్తం కాస్త ఎక్కువ పోయినందున ప్యాకు తప్పలేదంట. సరే, ఒప్పుకుంటా. బీపీ మనిషికి ఇవన్నీ సంతకం పెట్టించుకునే ముందే చెప్పాల. డిశ్చార్జి చీటీలోనూ ఒక లైను రాయాల: ముక్కు దిబ్బడకు మందుల షాపులో అడిగి జలుబు మాత్రలు మింగొద్దని. వాటిల్లో కొన్ని బీపీని పెంచుతాయి.

మూడో పొద్దున ప్యాకులు లాగారు. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి, రెండు చుక్కల రక్తం, అంతే. ముక్కుతో లోపలికి పోయిన మొదటి గాలి చన్నీళ్లంత చల్లగా తగిలింది. గంట తర్వాత బీపీ 138/88.

వచ్చే శనివారం మళ్లీ చెకప్. ఆ సిస్టర్ రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కుతుందంట. అందుకే చివరి టోకెన్ అడిగి తీసుకున్నా.