డ్రోన్ యాంటెన్నా కిట్ కొంటున్నారా? ముందు కీ నొక్కి ప్రసారం చేసిన వీడియో అడగండి

హామ్ (సరదాగా, లైసెన్స్‌తో రేడియో నడిపే) మిత్రులకు ఒక హెచ్చరిక. తీగ యాంటెన్నాను డ్రోన్‌తో పైకి లేపుతామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఒకటి కొన్నాను. మూడో రోజుకే అది కింద పడింది. రెండు చేతులు విరిగాయి (డ్రోన్‌వి, నావి కాదు). డబ్బు వెనక్కి రాలేదు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. దాదాపు అవే మాటలతో ఇంకో రెండు మూడు చోట్ల ఇలాంటి కిట్లే కనిపించాయి కాబట్టి, పేరుకన్నా ఏం చూసుకోవాలో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

160 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవు దాదాపు 160 మీటర్లుండే రేడియో తరంగాలు) అంటే నాకు ఎప్పటినుంచో మోజు. 1.85 మెగాహెర్ట్జ్‌లో పావు తరంగం (తరంగం పొడవులో నాలుగో వంతు) నిలువు యాంటెన్నా కావాలంటే సుమారు 38 మీటర్ల తీగ నిటారుగా నిలబడాలి. అంత ఎత్తు చెట్టు నాకు లేదు, టవర్ మాట సరేసరి. అలాంటప్పుడు డ్రోన్, కొక్కెం, 40 మీటర్ల తీగ చుట్టిన రీలు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయంటే ఎవరికైనా నోరూరుతుంది. పేజీలో వీడియో కూడా ఉంది. డ్రోన్ లేస్తుంది, వెనకాలే తీగ సర్రున సాగుతుంది, కింద మనిషి బొటనవేలు ఎత్తి చూపిస్తాడు. పది సార్లు చూసుంటాను. అందులో ఏం లేదో మాత్రం డ్రోన్ పడ్డాకే తట్టింది.

ముందు బరువు సంగతి. "500 గ్రాములు ఎత్తుతుంది, 30 నిమిషాలు ఎగురుతుంది" అని రాశారు. రెండూ అబద్ధం కాదు, కానీ రెండూ ఒకేసారి నిజం కావు. 30 నిమిషాలన్నది ఖాళీ డ్రోన్‌కి, గాలి లేనప్పుడు. వాళ్లిచ్చిన ప్లాస్టిక్ తొడుగు తీగను వంటింటి కాటా మీద పెడితే రీలు కాకుండానే 430 గ్రాములు తూగింది. అది తగిలించి లేపితే తొమ్మిదో నిమిషానికే బ్యాటరీ హెచ్చరిక మోగింది.

ఎత్తడం వేరు, గాల్లో నిలబెట్టడం వేరు. నాలుగు మోటార్ల వేగాలను ఒకదానికొకటి తేడాగా మార్చుకుంటూనే డ్రోన్ నిలకడగా ఉంటుంది. బరువు మోయడానికే మోటార్లు దాదాపు పూర్తి వేగంతో తిరుగుతుంటే, గాలి తోసినప్పుడు సర్దుకోవడానికి మిగిలేది ఏముంటుంది? పైగా తీగకు కూడా గాలి తగులుతుంది. తొడుగుతో కలిపి 2.5 మిల్లీమీటర్ల మందం, 38 మీటర్ల పొడవు అంటే ఒకటిన్నర ఏ4 కాగితాలు గాలికి అడ్డం పెట్టినట్టే. సెకనుకు 8 మీటర్ల గాలిలో తీగ మొత్తం మీద సుమారు 350 గ్రాముల లాగుడు పడుతుంది. అందులో సగం దాకా డ్రోనే భరించాలి. ఇది తీగ బరువుకు అదనం.

నిజానికి అంత లావు తీగ అవసరమే లేదు. 0.4 మిల్లీమీటర్ల ఎనామిల్ రాగి తీగ 40 మీటర్లు తూచినా 50 గ్రాములు దాటదు. 100 వాట్లకు, కాసేపటి ఆపరేషన్‌కు అది చాలు. మరి వాళ్లు అంత బరువైనది ఎందుకిచ్చారు? చూడ్డానికి గట్టిగా ఉంటుందని అనుకుంటాను.

ఇక అసలు కథ. మూడో రోజు సాయంత్రం, గాలి లేదు. తీగ నిటారుగా నిలబడింది, కింద నేల మీద రేడియల్స్ (యాంటెన్నాకు తోడుగా పరిచే తీగలు) పరిచాను, ఎస్‌డబ్ల్యూఆర్ (రేడియోకూ యాంటెన్నాకూ పొత్తు ఎలా కుదిరిందో చెప్పే కొలత) కూడా బాగానే వచ్చింది. ఒక్క విషయం చిరాకు పెట్టింది. డ్రోన్ పైన ఉన్నంతసేపూ రిసీవర్‌లో రొద. మోటార్ కంట్రోలర్ల నుంచి వచ్చేదే అయ్యుంటుంది, దించగానే పోయేది. సరేలెమ్మని 100 వాట్లతో కీ నొక్కాను. రెండు సెకన్లలో రిమోట్ తెర మీద "కంపాస్ లోపం". కీ వదిలేలోపే జీపీఎస్ కూడా పోయింది, డ్రోన్ పక్కకు జారడం మొదలెట్టింది. ఆ వెంటనే రిమోట్‌తో లింకు తెగింది. లింకు తెగితే ఏం చేయాలో దానికి ముందే నేర్పి ఉంటుంది కదా, రిటర్న్ టు హోమ్. అంటే ముందు 60 మీటర్లకు ఎక్కాలి, తర్వాత బయల్దేరిన చోటికి రావాలి. కింద గూటానికి కట్టిన తీగ 38 మీటర్లే. పైకి పోదామని అది, పోనివ్వనని తీగ. రెండు మూడు క్షణాలు పెనుగులాడి, ఒక పక్కకు ఒరిగి, రాయిలా పడింది. కింద మనుషులు లేరు, అదొక్కటే అదృష్టం.

ఎందుకిలా అయిందో ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. లైసెన్స్ పరీక్షకు చదువుకున్న పాఠమే. తీగ దేనికీ కలవని కొసలో కరెంటు సున్నాకు దగ్గరగా, వోల్టేజీ గరిష్ఠంగా ఉంటుంది. అడుగున రేడియో పవర్ అందించే పావు తరంగమైనా, అర తరంగమైనా పై కొస అదే. అంటే ఎక్కువ వోల్టేజీ ఉండే చోటే సరిగ్గా డ్రోన్ వేలాడుతోంది. కిట్‌లో తీగకూ కొక్కేనికీ మధ్య ఇచ్చింది జానెడు నైలాన్ దారం! దాంతో డ్రోన్ వైర్లన్నీ యాంటెన్నాకు తోకలా తయారయ్యాయి. కనీసం నాలుగైదు మీటర్ల గాలం దారమో, తడి పీల్చని పాలిస్టర్ తాడో మధ్యలో ఉండాలి. దాని బరువు లెక్కలోకి కూడా రాదు. ఆ నాలుగు మీటర్ల దారం ఇవ్వడానికి వాళ్లకు చేతులు రాలేదు.

ఫిర్యాదు పెడితే వచ్చిన జవాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రేడియో ప్రసారం చేసేటప్పుడు జరిగే నష్టం వారంటీ కిందకు రాదు" అట. యాంటెన్నా కిట్ అని అమ్మారు, ప్రసారం చేస్తే మాత్రం పూచీ లేదు! నిజమే, షరతుల్లో చిన్న అక్షరాలతో రాసే ఉంది. చదవకపోవడం నా తప్పు. మళ్లీ వీడియో పెట్టి చూశాను. డ్రోన్ లేస్తుంది, తీగ సాగుతుంది, బొటనవేలు. కీ నొక్కడం ఎక్కడా లేదు.

తీగను గాల్లోకి లేపడం కొత్తేమీ కాదు. 1901 డిసెంబర్ 12న మార్కోనీ న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద సుమారు 150 మీటర్ల తీగను గాలిపటంతో లేపించాడు. ఆయన కూడా ఆ రోజు వినడానికే తీగ లేపించాడు, ప్రసారం చేసింది సముద్రానికి అవతల ఇంగ్లండ్‌లో ఉన్న పోల్దూ కేంద్రం. పైగా ఆయన గాలిపటంలో కంపాస్ లేదు.

కిట్ అమ్మినవాళ్లు నా ఫిర్యాదుకు ఇచ్చిన జవాబుతో పాటు ఓదార్పుగా ఇంకో సరుకు అంటగట్టబోయారు. కింద 12 వోల్టుల బ్యాటరీ పెట్టి తీగల ద్వారా పైకి కరెంటు పంపే "టెథర్", దాంతో గంటల తరబడి ఎగరొచ్చట. లెక్క వేయండి. నిలబడటానికి 200 వాట్లు కావాలంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు. పోను 40, రాను 40, మొత్తం 80 మీటర్ల ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ నిరోధం సుమారు 1.4 ఓములు. అంటే దారిలోనే 23 వోల్టులు పోవాలి. మన దగ్గర ఉన్నదే 12. ఆ రాగి ఒక్కటే 700 గ్రాములు దాటుతుంది కూడా. నిజంగా పనిచేసే టెథర్ డ్రోన్లు వందల వోల్టులు పంపి పైన తగ్గించుకుంటాయి. వాటి ధర, వాటి కథ వేరు.

ఇంతా చదివి కూడా కొంటానంటారా, అమ్మేవాళ్లను ఇవి అడగండి. ఈ తీగతో, ఎంత గాలిలో, ఎన్ని నిమిషాలు నిలబడుతుంది? తీగకూ డ్రోన్‌కూ మధ్య దారం ఎంత? పూర్తి పవర్‌తో కీ నొక్కి, రిమోట్ తెర కనిపించేలా తీసిన వీడియో ఉందా? మూడోదానికి జవాబు రాకపోతే అక్కడే ఆగిపోండి. కిట్ చేతికి వచ్చాక కూడా మొదట 5 వాట్లతో మొదలెట్టి మెల్లగా పెంచండి. లింకు తెగితే ఇంటికి రాకుండా ఉన్నచోటే నిలబడేలా సెట్టింగ్ మార్చండి. డ్రోన్ గట్టిగా లాగితే తెగిపోయేంత సన్నని దారం మధ్యలో ఒక ముక్క పెట్టండి. ఆ పొడవు తీగ మీద మబ్బు లేని రోజు కూడా వేల వోల్టుల స్టాటిక్ చేరవచ్చు, రిసీవర్ పోకుండా ఒక మెగాఓమ్ రెసిస్టర్‌తో భూమికి కలపండి. ఉరుము వినిపిస్తే అసలు లేపకండి, కరెంటు లైన్ల ఛాయలకు పోకండి. చాలా దేశాల్లో డ్రోన్ ఎత్తుకు 120 మీటర్ల హద్దు ఉంది. డ్రోన్ బరువు 250 గ్రాములు దాటితే నిబంధనలు మారే దేశాలూ చాలా ఉన్నాయి. మీ చోట బరువు వేలాడదీయడానికి ఏమంటారో ముందే కనుక్కోండి.

నేనిప్పుడు ఒక మిత్రుడి చిన్న డ్రోన్ అరువు తెచ్చుకుని, ఎత్తైన చెట్టు కొమ్మ మీదుగా గాలం దారం మాత్రమే వేయిస్తున్నాను. రెండు నిమిషాల పని. డ్రోన్ దిగి పెట్టెలోకి వెళ్లాక దారంతో తాడు, తాడుతో తీగ లాగి అప్పుడు కీ నొక్కుతున్నాను. ఎత్తు 18 మీటర్లే, 80 మీటర్ల బ్యాండ్‌తో సరిపెట్టుకుంటున్నాను. 160 ఆశ తీరలేదు.

వాళ్ల పేజీలో ఆ వీడియో ఇంకా అలాగే ఉంది. ఓపిక ఉంటే చివరిదాకా చూడండి. కింద బల్ల మీద రేడియో ఉంటుంది. మైకు పక్కన కొక్కేనికే వేలాడుతూ ఉంటుంది.