జాంగో అప్‌గ్రేడ్‌లో ఇరుక్కుంటే ఎవరిని అడగాలి: వాట్సాప్ గ్రూపా, మీటప్పా, ఫోరమా?

పైథన్‌లో వెబ్ అప్లికేషన్లు రాసుకునే జాంగో ఫ్రేమ్‌వర్క్ గురించి ఈ మధ్య వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, మా ప్రాజెక్టు ఇంకా పాత జాంగో మీదే ఉంది, పైకి తెద్దామంటే మధ్యలో ఆగిపోయింది, ఎవరిని అడిగితే పని అవుతుంది?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. నేనూ ఈ మధ్యే ఆ పని ముగించాను కాబట్టి ఎక్కడ ఎంత టైం పోయిందో, ఎవరి మాట పనికొచ్చిందో ఇంకా గుర్తుంది.

మాది సికింద్రాబాద్‌లో ఒక మందుల హోల్‌సేల్ షాపు వాళ్లు వాడే ఆర్డర్ల అప్లికేషన్. 2019లో జాంగో 2.2 మీద రాశాం. పొద్దున పదింటికల్లా చుట్టుపక్కల మెడికల్ షాపుల వాళ్లు ఆర్డర్లు పెట్టేస్తారు, పదకొండింటికి బండ్లు బయల్దేరాలి, కాబట్టి లాగిన్ ఒక్క గంట ఆగినా ఆ రోజు పని మొత్తం ఫోన్ల మీద పడుతుంది. దీన్ని చూసుకునేది ఇద్దరమే. 2.2కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 ఏప్రిల్‌లోనే ఆగిపోయినా, నడుస్తోంది కదా అని వదిలేశాం. అలా వదిలేసి ఉండకూడదు.

దారి గురించి ఎక్కువ చెప్పను, అది మీకు తెలిసిందే: ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) నుంచి ఎల్‌టీఎస్‌కి, 2.2 నుంచి 3.2, అక్కణ్నుంచి 4.2, ఆ తర్వాత 5.2. పైథన్ మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. జాంగో 2.2కీ 3.2కీ ఉమ్మడిగా పైథన్ 3.9 పనిచేస్తుంది, జాంగో 3.2, 4.2, 5.2 మూడింటికీ పైథన్ 3.10 పనిచేస్తుంది, అంటే పైథన్ ఒక్కసారి మారిస్తే చాలు, జాంగోతో పాటు ప్రతి మెట్టు దగ్గరా దాన్నీ కదిలించక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు రెండు వారాంతాలు మిగిలేవి.

ఇక అసలు సంగతి. అప్‌గ్రేడ్‌లో వచ్చే ఇబ్బందులు రెండు రకాలు. ఒకటి, తీసేసిన ఫంక్షన్లు, ఆప్షన్లు. యూఆర్‌ఎల్ ఫంక్షన్ 4.0లో పోయింది, యూగెట్‌టెక్స్ట్ పోయింది, ఇండెక్స్ టుగెదర్ 5.1లో పోయింది. వీటికి మనుషుల సాయం అక్కర్లేదు. వార్నింగులు ఆన్ చేసి టెస్టులు నడిపితే జాంగోనే ముందుగా చెప్పేస్తుంది, జాంగో-అప్‌గ్రేడ్ అనే టూల్ చాలావాటిని తనే మార్చేస్తుంది. రెండోది, ప్రవర్తన మారడం. ఫంక్షన్ అలాగే ఉంటుంది, వార్నింగ్ రాదు, టెస్టులన్నీ పాస్ అవుతాయి, సర్వర్ మీద పెట్టాక మాత్రం ఏదో విరుగుతుంది. మనుషుల్ని అడగాల్సింది ఇక్కడే. ఎవరిని అడుగుతున్నామన్నది తేడా తెచ్చేదీ ఇక్కడే.

మాకు జరిగింది చెప్తా. 3.2 నుంచి 4.2కి మారిన రోజు టెస్ట్ సర్వర్ మీద లాగిన్‌తో మొదలుపెట్టి ప్రతి ఫారమూ 403 ఇచ్చింది. సీఎస్‌ఆర్‌ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని, అంటే వేరే సైటు మన యూజర్ పేరు మీద ఫారం పంపకుండా ఆపే తనిఖీ దగ్గర ఆగిందని. టెంప్లేట్లలో టోకెన్ ఉంది, కుకీ వస్తోంది, నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. రాత్రి పదకొండైంది. సహజంగానే వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఆ గ్రూపు గురించి చెడుగా చెప్పడం నా ఉద్దేశం కాదు. మన వాళ్లే, తెలుగులోనే మాట్లాడుకుంటాం, ఆ టైంలో కూడా ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. ఒంటరిగా ఎర్రర్ ముందు కూర్చున్నప్పుడు ఆ ఐదు నిమిషాల జవాబు ఎంత ధైర్యమిస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కానీ వచ్చిన జవాబు ఇది: "సీఎస్‌ఆర్‌ఎఫ్ ఎగ్జెంప్ట్ పెట్టెయ్ బ్రో, పోతుంది." నిజమే, పోతుంది. ఎర్రర్‌తో పాటు రక్షణ కూడా పోతుంది. లాగిన్ అయి ఉన్న మెడికల్ షాపాయన ఇంకేదో పేజీ తెరిస్తే, ఆ పేజీ ఆయన పేరు మీద మా సర్వర్‌కి ఆర్డర్ పంపగలిగే దారి తెరిచినట్టు అవుతుంది. చెప్పిన కుర్రాడిది మంచి మనసే, తనకి ఎప్పుడో అలా పనైంది, అదే చెప్పాడు. తప్పని సరిదిద్దేవాళ్లు ఆ టైంలో గ్రూపులో లేరు. పొద్దున్నకల్లా ఆ మెసేజ్ మీద రెండొందల మెసేజ్‌లు పడ్డాయి. ఎప్పుడైనా ఇంకొకరికి ఇదే ఎర్రర్ వస్తే మళ్లీ అదే ప్రశ్న, బహుశా మళ్లీ అదే జవాబు.

మర్నాడు అదే ప్రశ్న జాంగో అధికారిక ఫోరమ్‌లో రాశాను. జవాబు రావడానికి దాదాపు ఒక రోజు పట్టింది. వచ్చింది కూడా ముందు జవాబు కాదు, ప్రశ్న: "ముందు ఎన్‌జిన్ఎక్స్ ఉందా? హెచ్‌టీటీపీఎస్ అక్కడే ఆగిపోతోందా? ఆ సంగతి జాంగోకి ఎలా తెలుస్తోంది?" ఎన్‌జిన్ఎక్స్ అంటే బయటి రిక్వెస్టులు ముందు తను అందుకుని జాంగోకి పంపే సర్వర్. అక్కడ నాకు లైటు వెలిగింది. 4.0 నుంచి జాంగో, రిక్వెస్ట్ ఏ సైటు నుంచి వచ్చిందో చెప్తూ బ్రౌజర్ పంపే ఆరిజిన్ హెడర్‌ని కూడా సరిచూస్తుంది. బ్రౌజరేమో హెచ్‌టీటీపీఎస్ అంటోంది. ఎన్‌జిన్ఎక్స్ మాత్రం లోపలికి మామూలు హెచ్‌టీటీపీగా పంపుతోంది. రెండూ కలవట్లేదు కాబట్టి 403. నా ల్యాప్‌టాప్‌లో ఎన్‌జిన్ఎక్స్ లేదు, అందుకే అక్కడ కనిపించలేదు. ఎన్‌జిన్ఎక్స్‌లో, అసలు రిక్వెస్ట్ హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిందని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పెట్టి, దాన్ని నమ్మమని జాంగోలో సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ సెట్టింగ్ ఇస్తే సరిపోయింది. అక్కడితో ఆపకుండా, ఆ హెడర్ బయటివాళ్లు పంపినా ఎన్‌జిన్ఎక్స్ దాన్ని తీసేసి తనది పెడుతోందో లేదో చూసుకోమని, లేకపోతే ఆ సెట్టింగే ప్రమాదమని హెచ్చరించారు. నేను ఆ విషయం అడగను కూడా లేదు. ట్రస్టెడ్ ఆరిజిన్స్ లిస్టు వాడేవాళ్లయితే 4.0 నుంచి అందులో డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ అని కూడా రాయాలని, రిలీజ్ నోట్స్‌లో ఆ పేరా ఎక్కడుందో కూడా చూపించారు.

ఈ రెండు జవాబుల మధ్య తేడా అవతలివాళ్ల తెలివిలో ఉందని నేననుకోను. ఫోరమ్‌లో ఉండేవాళ్లలో ఆ మార్పు ఎందుకు చేశారో తెలిసినవాళ్లు ఉంటారు. జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ జీతమిచ్చి పెట్టుకున్న ఫెలోలు కొద్దిమందే, మిగతా వాళ్లంతా తమ టైం ఇచ్చేవాళ్లే, కానీ ఆ మార్పు మీద జరిగిన చర్చ చదివినవాళ్లు, కొన్నిసార్లు రాసినవాళ్లే అక్కడ ఉంటారు. ఒకరు తప్పు చెప్తే ఇంకొకరు కింద సరిదిద్దుతారు.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇంకోటుంది. ఆ జవాబు అక్కడ ఉండిపోతుంది. జాంగో ఎనిమిది నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది, రెండేళ్లకోసారి ఎల్‌టీఎస్. 4.2కి సపోర్ట్ 2026 ఏప్రిల్ వరకు, 5.2కి 2028 ఏప్రిల్ వరకు. అంటే ఇది ఒకసారి చేసి చేతులు కడుక్కునే పని కాదు, రెండేళ్లకోసారి వచ్చేది. వచ్చేసారి ఈ పని నేనే చేస్తానని కూడా లేదు. నా పక్కనున్న తమ్ముడు చేయొచ్చు, లేదా మేమిద్దరం మానేశాక ఇంకెవరో చేయొచ్చు. "ఈ సెట్టింగ్ ఎందుకుంది?" అని వాళ్లు అనుకున్నప్పుడు, కమిట్ మెసేజ్‌లో నేను పెట్టిన లింకు నొక్కితే మొత్తం సంభాషణ కనిపిస్తుంది. వాట్సాప్‌లో అయితే నా ఫోన్ మారినప్పుడే పోయేది. సాయం అడిగేటప్పుడు ఈ ఎర్రర్ పోవడం గురించే ఆలోచిస్తాం, మెయింటెనెన్స్ అంటే మాత్రం రెండేళ్ల తర్వాత చూసేవాళ్ల గురించి కూడా కదా.

మీటప్ సంగతి వేరు. మనలో చాలామందికి అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల నుంచి పక్కన కూర్చుని చూపించేవాళ్లుంటేనే విషయం ఎక్కుతుంది, దాన్ని నేను తక్కువ చేయను. హైదరాబాద్ పైథన్ గ్రూపు, అదే హైడ్‌పై, వారాంతాల్లో మీటప్‌లు పెడుతుంది. 2018లో పైకాన్ ఇండియా మన హెచ్‌ఐసీసీలో జరిగినప్పుడు పరిచయమైనవాళ్లు కొందరు ఇప్పటికీ అక్కడ కలుస్తుంటారు. ఒక శనివారం ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, 3.2లో మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుళ్లని మార్చే ఫైళ్లు) ఎందుకు పగులుతున్నాయో చూడమని ఒకాయన్ని అడిగాను. ఆయన మైగ్రేషన్లు తెరవనే లేదు. ప్రాజెక్టు వాడే ప్యాకేజీల లిస్టు ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్ పైనుంచి కిందికి చదివి ఒక ప్యాకేజీ దగ్గర ఆగి, "అన్నా, దీనికి నాలుగేళ్లుగా రిలీజ్ లేదు, ఇది మీకెందుకు?" అన్నాడు. వెతికితే అందులోంచి మేం వాడుతున్నది ఒక్క ఫంక్షన్. దాన్ని తీసేసి ముప్పై లైన్లు సొంతంగా రాసుకున్నాం, పని ముందుకెళ్లింది.

ఇది ఫోరమ్‌లో జరిగేది కాదు. అక్కడ మీరు అడిగినదానికే జవాబొస్తుంది, అడగడం తెలియని ప్రశ్న మీ ప్రాజెక్టు మొత్తం కళ్లతో చూసినవాళ్లకే తడుతుంది. పాత అప్లికేషన్లలో అసలు అడ్డం జాంగో కాదు, దాని చుట్టూ పెరిగిన ప్యాకేజీలే, కాబట్టి మొదట్లోనే ఒకసారి ఎవరికైనా చూపించండి. ఇబ్బంది ఏమిటంటే మీటప్ నెలలో ఏదో ఒక రోజు, మన సర్వర్ మిగతా ఇరవై తొమ్మిది రోజులూ నడవాలి. పైగా క్లయింట్ కోడ్ అందరి ముందు తెరవలేం, డేటా తీసేసి తీసుకెళ్లాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. స్టాక్ ఓవర్‌ఫ్లోలో జాంగో జవాబులు బోలెడున్నాయి, పైన కనిపించేవి చాలావరకు 1.x కాలం నాటివి, తేదీ చూడకుండా కాపీ చేయొద్దు. డిస్కార్డ్ అనే చాట్ యాప్ వాట్సాప్ కంటే నయం, తెలిసినవాళ్లు ఉంటారు, కానీ గూగుల్‌లో వెతికితే దొరకదు. ఏఐ ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే వివరం) అర్థం చేసుకోవడానికి బాగా పనికొస్తుంది, కాకపోతే వెర్షన్లు కలిపేస్తుంది, నాకు 5.2 కోడ్‌లో ఎప్పుడో తీసేసిన ఇంపోర్టులు రాసిచ్చింది, కాబట్టి రిలీజ్ నోట్స్ పక్కన పెట్టుకునే వాడండి. డబ్బిచ్చి చేయించుకోవడం కూడా ఒక దారే. మేం మొదట అలాగే ఒకరికి ఇచ్చాం, నంబర్లు మారాయి, మైగ్రేషన్లు ఫేక్ చేసి, అంటే నడపకుండానే నడిచాయని రాసి పంపారు, మళ్లీ మొదలుపెట్టాం. ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాసిస్తామంటేనే ఇవ్వండి.

ఫోరమే మంచిదని నేనంటే చాలామంది మొహమాటపడతారు, కారణం నాకు తెలుసు. ఇంగ్లీషులో తప్పులొస్తాయేమో, ప్రపంచమంతా చూస్తుందేమో అని. నేనూ మూడేళ్లు చదవడమే గానీ ఒక్క ముక్క రాయలేదు. రాశాక తెలిసింది, అక్కడ చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు, మన వాక్యం ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు. వాళ్లకి కావాల్సింది ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి, పైథన్ ఎంత, డేటాబేస్ ఏది, ముందు ఏ సర్వర్ ఉంది, ట్రేస్‌బ్యాక్ మొత్తం, మీరు ఏమేం ప్రయత్నించారు, ఇంతే. స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్ పెట్టండి. వీలైతే ఆ ఎర్రర్ ఒక్కటే వచ్చేలా కొత్తగా చిన్న ప్రాజెక్టు చేసి చూపించండి. అది చేస్తుండగానే నాకు రెండుసార్లు తప్పు దొరికింది, అడగాల్సిన అవసరమే రాలేదు.

ఒక జాగ్రత్త. టికెట్ ట్రాకర్, అదే ట్రాక్, సాయం అడిగే చోటు కాదు, అక్కడ ప్రశ్న పెడితే మూసేస్తారు. ఇది నిజంగా జాంగో బగ్గే అని ఫోరమ్‌లో తేలితే అప్పుడు వెళ్లండి, ముందు వెర్షన్‌లో పనిచేసింది ఇప్పుడు విరిగితే గిట్ బైసెక్ట్ చేసి (పాత మార్పుల్ని సగం సగం చేస్తూ వెతికి) ఏ కమిట్‌తో వచ్చిందో చెప్పగలిగితే వాళ్ల పని చాలా తేలికవుతుంది. సెక్యూరిటీ లోపం అనిపిస్తే మాత్రం ఎక్కడా బహిరంగంగా రాయొద్దు, జాంగో సెక్యూరిటీ టీమ్‌కి నేరుగా మెయిల్ చేయాలి.

నేను ఇప్పుడు పాటిస్తున్న వరస ఇదీ: మొదలుపెట్టేముందు ఒకసారి మీటప్‌లో ప్యాకేజీల లిస్టు చూపించడం, పని మధ్యలో ఆగినప్పుడల్లా ఫోరమ్, వాట్సాప్‌లో ఫోరమ్ లింకు పెట్టి "ఎవరికైనా తెలిస్తే అక్కడే రాయండి" అనడం. మొదట్లో గ్రూపులో విసుక్కున్నారు, ఇప్పుడు ఇద్దరు ముగ్గురు అక్కడే రాస్తున్నారు. మీ ప్రాజెక్టు కూడా 2.2 దగ్గరో 3.2 దగ్గరో ఆగిపోయి ఉంటే వచ్చే మీటప్‌కి తీసుకురండి, పక్కన కూర్చుని చూద్దాం. ముందు రోజు రాత్రే వార్నింగులు ఆన్ చేసి టెస్టులు నడిపి, ఆ అవుట్‌పుట్ ఒక ఫైల్‌లో పెట్టుకుని రండి. టెస్టులు లేకపోతే రిక్వైర్‌మెంట్స్ ఫైల్ చాలు, అక్కణ్నుంచే మొదలుపెడదాం.